ఎవరి క్రాఫ్టూ కాని బేసిన్

బుధవారం పొద్దున త్రినాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ అయ్యేసరికి బాత్రూంలో పాత బేసిన్ తీయించాలి, భోజనం వేళకు దాని చోట కొత్త కమోడ్ పెట్టించాలి, ఆ తర్వాత చేతులు కడుక్కుని యూనియన్ ఆఫీసుకు పోవాలి. కమోడ్ ముందు రోజే వచ్చింది. అట్టపెట్టెలో, ముందు గదిలో, పిలవకుండా వచ్చిన చుట్టం లాగా కూర్చుని ఉంది.

ఫిల్మ్ నగర్ దిగువ వీధిలో ఆయనది రెండు గదుల ఇల్లు. కొండ ఎక్కితే జూబ్లీ హిల్స్. అక్కడ ఒక్కో ఇంట్లో మనుషుల కంటే బాత్రూంలే ఎక్కువని ఆయన ప్రతి మీటింగులోనూ చెబుతాడు. చూసి కాదు, చూసొచ్చినవాళ్లు చెప్పగా విని. తన ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూం. అందులో నేలలో దిగేసిన పాతకాలం బేసిన్, మోకాళ్లు మడిచి కూర్చునేది.

ఆ మోకాళ్ల దగ్గరే వచ్చింది ఇబ్బంది. పోయిన నెల భార్య శ్యామలాదేవికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇక జన్మలో కింద కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. ఆమె ఆస్పత్రి నుంచి తిన్నగా మోతీనగర్‌లో మేనల్లుడు శ్రీకృష్ణ ఇంటికి వెళ్లింది. కమోడ్ పెట్టించగానే వచ్చి తీసుకుపోతానని త్రినాథరావు మాటిచ్చాడు. మాటివ్వడం ఆయన వృత్తి. సినిమా సెట్ల మీద పనిచేసే వడ్రంగులు, మోల్డింగ్ వాళ్లు, లైట్ల వాళ్లు, నీళ్ల పని వాళ్లు, ఊడ్చి మోసేవాళ్లు, అందరి సంఘాలకూ కలిపి ఆయనే నాయకుడు.

ఇడ్లీ నోట్లో ఉండగానే ఫోన్ మోగింది.

"ఏవండీ, అది పెట్టించారా?"

"ఇవాళతో అయిపోతుంది శ్యామలా."

"సోమవారం కూడా ఇదే అన్నారు."

"సోమవారం మీటింగు."

"మీ మీటింగులకేం. ఇక్కడ కమోడ్ ఉన్నది వీళ్ల పడగ్గదిలో." ఆమె గొంతు తగ్గించింది. "రాత్రి లేవాల్సి వస్తే తలుపు కొట్టాలి. పెళ్లై ఆర్నెల్లు కాలేదు వాళ్లకి. మొన్న కొడితే గీతిక పాపం జుట్టు సర్దుకుంటూ వచ్చి తీసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్నుంచి నీళ్లు తాగడం మానేశాను."

"మాత్రలకి నీళ్లు బాగా తాగమన్నాడు కదా డాక్టరు."

"డాక్టరు వచ్చి కొడతాడా ఆ తలుపు? శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తున్నాను. కమోడ్ ఉంటే మీ ఇంట్లోకి, లేకపోతే ఎక్కడికి పోవాలో మీ సంఘం వాళ్లనే అడుగుతాను."

ఫోన్ పెట్టేసింది. ఆ మాటల్లో త్రినాథరావుకు ఒక్కటే గుచ్చుకుంది. నీళ్లు మానేసింది. జీవితమంతా నిరాహార దీక్షలు ఎన్నో చేయించాడు, ఇంత కఠినమైనది ఎవరి చేతా చేయించలేదు.

అప్పుడే గుమ్మంలో ఒక నడివయసు మనిషి, చేతిలో సంచీతో. మేనల్లుడి భార్య గీతిక ఫోన్‌లో బుక్ చేసి పంపిందట.

"నువ్వు ప్లంబరువా?" అన్నాడు త్రినాథరావు.

"ప్లంబింగు, టైల్సు, కరెంటు, అన్నీ నేనేనండీ. పాతది తీసి కొత్తది పెట్టేసి, చెత్త కూడా నేనే పట్టుకుపోతాను. సాయంత్రానికి వాడుకోవచ్చు."

బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేవాడు. త్రినాథరావుకు బుద్ధి కాదు, సిద్ధాంతం ఉంది. సినిమాలో ఇరవై నాలుగు క్రాఫ్టులు. ఒక క్రాఫ్టు వాడు ఇంకో క్రాఫ్టు పనిముట్టు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఒకడి కూడు ఇంకొకడు లాక్కున్నట్టే. ఒకసారి స్టూడియోలో ఒక పెయింటరు పొరపాటున మేకు కొట్టాడని త్రినాథరావు పూటంతా షూటింగ్ ఆపించాడు. హీరో మేకప్ కడుక్కుని ఇంటికి పోయాడు. ఆ కథ ఆయన ఇప్పటికీ కొత్త సభ్యులందరికీ చెబుతాడు. మేకు సైజు ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది.

"అన్నీ నువ్వే చేస్తే మిగతావాళ్లు ఏం తినాలి?" అని అడిగాడు.

"ఏ మిగతావాళ్లండీ?"

"మేస్త్రీ. ఎలక్ట్రీషియను. మోత మోసేవాళ్లు."

"వాళ్లెవరో నాకు తెలీదండీ. నాకింకా రెండిళ్లున్నాయి."

త్రినాథరావు గుమ్మంలోనే నిలబెట్టి శ్రమ విభజన గురించి చెప్పాడు. ఆ మనిషి మర్యాదస్తుడు, సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ మొత్తం విన్నాడు. చివరికి, "బాగా చెప్పారండీ. కస్టమర్ ఇంట్లో లేడని ఫోన్‌లో కొట్టేసుకుంటాను," అని వెళ్లిపోయాడు.

తర్వాత త్రినాథరావు భిక్షానికి ఫోన్ చేశాడు. సెట్ల మీద కుళాయిలూ, షవర్లూ, అవసరమైతే కుండపోత వానా భిక్షం పని. వచ్చాడు, బాత్రూంలోకి తొంగి చూశాడు, నీళ్లు కట్టేశాడు, పైపు విప్పాడు, బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా, అయిపోయిందా?"

"నాది అయిపోయింది అన్నా. ఇగ నేల పగలగొట్టాలె. అది మోల్డింగోళ్లది."

"నాలుగు దెబ్బలే కదా. నువ్వే వెయ్యి."

భిక్షం ఆయన వంక జాలిగా చూశాడు. "ఏందన్నా, నన్ను పరీక్ష చేస్తున్నవా? నేను సుత్తె పట్టిననుకో, రేపు మీటింగుల నన్నే నిలబెడ్తవ్. మేకు కథ నాకు తెల్వదా?"

కాబట్టి మోల్డింగ్ సంఘం నుంచి బాలనర్సయ్య వచ్చాడు, వెనక ఇద్దరు మనుషులతో. ప్లాస్టర్‌తో కోటగోడలూ, ఏనుగు తలలూ, దేవుళ్ల విగ్రహాలూ పోసే చెయ్యి అది. చిన్న పని ఎలా చేస్తారో ఆ చేతికి తెలియదు. బాత్రూం మధ్యలో నిలబడి, రెండు చేతుల వేళ్లతో చట్రం చేసి, ఒక కన్ను మూసి చూశాడు.

"అన్నా, వదిన నడిచే స్టాండు పట్టుకొని వస్తది గద?"

"వాకర్. అవును."

"మరి గీ దర్వాజాల పడుతదా?"

పట్టదు. ఆ ఆలోచన త్రినాథరావుకు రానే లేదు. నిజానికి అది మంచి ఆలోచన, అందుకే కొంప మునిగింది. దర్వాజా ఊడొచ్చింది. దర్వాజాతో పాటు పక్క గోడ మోకాలి ఎత్తు దాకా వచ్చింది. గోడలో ఎప్పుడో ఎవరో పూడ్చిన కరెంటు వైరు తెగింది. ఇల్లంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. బాత్రూం చీకటి గుయ్యారం.

"షాట్ అయ్యేదాక నిలబడితే చాలు, గట్ల కట్టుడే అలవాటాయె మాకు," అన్నాడు బాలనర్సయ్య, కూలిన గోడ వైపు చూస్తూ. "నిజం గోడలు కొట్టి చానా రోజులైంది. ఫికర్ చేయకన్నా, లేపుత."

ఇక లైట్ల వాళ్లను పిలవాలి. పిలవక్కర్లేకపోయింది. వాళ్లే వచ్చారు. లైట్ల సంఘం కార్యదర్శి సూర్యప్రకాశరావు ముందు, వెనక ఓ పదిమంది. వీధి మొగలో టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారట: త్రినాథరావు ఇంటికి బయటి ప్లంబరు వచ్చాడు, సంచీతో వచ్చాడు, చాలాసేపు మాట్లాడుకున్నారు.

"మాకు నీతులు చెప్పి, నువ్వేమో బయటి మనుషుల్ని పెట్టుకుంటావా త్రినాథూ?" అన్నాడు సూర్యప్రకాశరావు, గుమ్మానికి అడ్డంగా చేతులు కట్టుకుని.

"పంపించేశానయ్యా. ఉపన్యాసం ఇచ్చి మరీ పంపించాను."

"సాక్ష్యం?"

"లోపలికొచ్చి చూడు. మనవాళ్లే పగలగొడుతున్నారు."

సూర్యప్రకాశరావు లోపలికెళ్లి చూసి, ఇంకా ఎక్కువ నొచ్చుకుని బయటికొచ్చాడు. "నీళ్ల వాళ్లున్నారు, మోల్డింగ్ వాళ్లున్నారు. మా క్రాఫ్టుకేం తక్కువ? నీ ఇంట్లో పనికి మేం పనికిరామా?"

నాయకుడి ఇంట్లో పని అంటే అది పని కాదు, గౌరవం. ఒక సంఘానికి ఇచ్చి ఇంకో సంఘానికి ఇవ్వకపోతే అవమానం. తెగిన వైరు ఒక్కటి అతికిస్తే చాలని త్రినాథరావు అన్నాడు. ఒక్క వైరు కోసం ఇంతమందిమి వచ్చామా అని వాళ్లు ఇల్లంతా కొత్త వైరింగు మొదలెట్టారు. సాయంత్రానికి బాత్రూంలో స్టాండు మీద షూటింగ్ లైటు నిలబడింది. వీధిలో జనరేటర్ వ్యాన్ వచ్చి ఆగింది. ఆ వెలుతురు చూసి వీధి వీధంతా పోగైంది.

"హీరో ఎవరు భాయ్?" అని ఒక ఆటో అతను అడిగాడు.

"లోపల పెట్టెల ఉన్నడు. ఇంక బయటికి రాలే," అన్నాడు భిక్షం.

ఇంత హంగామాలోనూ ఒక మంచి జరిగింది. చీకటి పడేలోపే బాలనర్సయ్య పాత బేసిన్‌ను సిమెంటు పెళ్లతో సహా పెకిలించి, కూలిన గోడ లేపి, నేల చదును చేసి, కొత్త కమోడ్‌కు చోటు తీర్చి వెళ్లాడు. ఆరితే చాలు, కమోడ్ తెచ్చి బిగించుకోవడమే. గురువారం పొద్దున్నే అయిపోతుందని త్రినాథరావు యూనియన్ ఆఫీసులో స్నానానికి పోతూ అనుకున్నాడు.

గురువారం పొద్దున అందరూ వచ్చారు. ఎవరూ లోపలికి పోలేదు. దర్వాజా ఉండాల్సిన చోట, సరిగ్గా గడప మీద, ఆ పాత బేసిన్ పడి ఉంది. పసుపురంగు చారలతో, ఒక పక్క సిమెంటు గడ్డతో.

"ఇది తీసెయ్యండి మరి," అన్నాడు త్రినాథరావు.

భిక్షం బాలనర్సయ్యను చూశాడు. బాలనర్సయ్య తన మనుషుల్ని చూశాడు. వాళ్లు సూర్యప్రకాశరావును చూశారు. సూర్యప్రకాశరావు బల్బు వైపు చూశాడు.

"పైపు నుంచి ఊడదీసిన వరకు నాది," అన్నాడు భిక్షం.

"నేలలకెళ్లి పెకిలించిన దాంక నాది," అన్నాడు బాలనర్సయ్య.

"దాటుకుని పోవచ్చు కదయ్యా. ఆ కమోడ్ తెచ్చి లోపల పెట్టండి."

"దాటితే గిది ఎత్తుడు మా పనేనని ఒప్పుకున్నట్టే అన్నా. రేపటి సంది ఎవల ఇంట్లనైన మాతోనే ఎత్తిస్తరు," అన్నాడు భిక్షం.

త్రినాథరావు విసుగ్గా నీలమ్మకు కబురు పెట్టాడు. సెట్ల మీద ఊడ్చి, మోసి, శుభ్రం చేసే ఆడవాళ్ల సంఘానికి ఆమె పెద్ద. నీలమ్మ వచ్చి, కొంగు బిగించి, గడప దగ్గరికి వెళ్లి చూసింది. కొంగు మళ్లీ వదులు చేసింది.

"గిందుకా నన్ను పిలిచింది?"

"మోత మీదే కదా నీలమ్మా. సెట్ మీద చెత్తంతా మీరేగా ఎత్తేది."

"సెట్ మీద చెత్త మాదే. చెక్కముక్కలు, థర్మాకోలు, పగిలిన కుండలు, మూడు రోజుల పూలు, అన్ని మోస్తం. గిది చెత్త గాదు." ఆమె గొంతు పెంచలేదు. "గిసొంటిది మోసుడు తప్పించుకోనీకే మా అమ్మ నన్ను పట్టుకొని ఈ సినిమా లైన్లకు వచ్చింది. నీళ్లాయన ముట్టడు, మోల్డింగాయన ముట్టడు, లైట్లాయన ముట్టడు. అందరు ముట్టకుంటె ఆఖరికి అందరి కండ్లు మా దిక్కే వస్తయ్. ఎందుకన్నా?"

మొట్టమొదట ఆమె దిక్కు చూసిన కళ్లు ఎవరివో త్రినాథరావుకు తెలుసు. ఈ విషయం మీదే ఆయన పోయిన ఏడాది రవీంద్రభారతిలో అరగంట మాట్లాడాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ అరగంటలో చెప్పింది ఒక్క ముక్క కూడా ఇప్పుడు నోటికి రాలేదు.

ఆ బేసిన్ ఎత్తడానికి తనకూ రెండు చేతులున్నాయన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. అందరికంటే ముందు ఆయనకు తట్టలేదు.

"దీనికి జవాబు వచ్చేదాక మేం ఈడనే కూసుంటం," అని నీలమ్మ వీధిలో, గుమ్మం ఎదురుగా కూర్చుంది. ఆమె వాళ్లు వచ్చి పక్కన కూర్చున్నారు. న్యాయంగా ఉందని భిక్షం కూర్చున్నాడు. భిక్షం కూర్చున్నాడని బాలనర్సయ్య కూర్చున్నాడు. అందరూ కూర్చుంటే తాను నిలబడితే ఏం బాగుంటుందని సూర్యప్రకాశరావు కూర్చుని, తన మనుషుల్ని పంపి షామియానా, జెండాలు తెప్పించాడు. ఎవరో "కార్మికుల ఐక్యత" అన్నారు. లోపల టీలోకి బెల్లం కోసం వెతుక్కుంటున్న త్రినాథరావు అలవాటు కొద్దీ "వర్ధిల్లాలి" అని అరిచేశాడు.

బయటికొచ్చి చూసుకుంటే, ధర్నా తన ఇంటి ముందే.

"ఇది ఎవరి మీదయ్యా?"

"ఓనరు మీద," అన్నాడు సూర్యప్రకాశరావు.

"ఓనర్ని నేనే కదా."

"మరి నాయకుడెవరు మాకు?"

ఇదీ నిజమే. ధర్నా జరుగుతుంటే నాయకుడు యాజమాన్యం వైపు కుర్చీలో కూర్చోవడం ఎక్కడైనా ఉందా? త్రినాథరావుకు అంతలోనే ఒక దారి తోచింది. నాయకుడికి ఆస్తి ఉండకూడదని ఆ ఇల్లు మొదటి నుంచీ శ్యామలాదేవి పేరనే పెట్టాడు. "ఈ ఇల్లు నాది కాదు. యజమానురాలు మోతీనగర్‌లో ఉంది," అని ప్రకటించాడు. ఆ క్షణంలో అది చాలా తెలివైన మాటలాగే అనిపించింది. హాయిగా వెళ్లి నీలమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం టీలయ్యాక, యజమానురాలితో మాట్లాడమని అందరూ ఆయన్నే అడిగారు. మాట్లాడేది ఆయనే కదా. ఫోన్ స్పీకర్‌లో పెట్టాల్సి వచ్చింది.

"శ్యామలా, కార్మికుల తరఫున మాట్లాడుతున్నాను."

"ఏ కార్మికులు? కమోడ్ పెట్టారా?"

"న్యాయమైన సమస్య ఒకటి పెండింగులో ఉంది. యాజమాన్యం మొండి వైఖరి విడనాడాలని..."

"యాజమాన్యం అంటే ఎవరండీ?"

"నువ్వే."

శ్యామలాదేవి, "రేపు పొద్దున్న వస్తున్నాను," అని పెట్టేసింది. ఈ చర్చలు సఫలమయ్యాయో విఫలమయ్యాయో తేల్చుకోలేక షామియానా కింద అందరూ కాసేపు వాదించుకున్నారు. త్రినాథరావు మాత్రం వాదించలేదు. ఆ గొంతు ఎండిపోయి ఉందని ఆయన ఒక్కడికే తెలిసింది.

శుక్రవారం పొద్దున శ్రీకృష్ణ కారు వీధిలోకి వచ్చి షామియానా దగ్గర ఆగింది. అత్తను దింపి, వాకర్ చేతికిచ్చి, ఆఫీసుకు టైం అయిందని అతను కారెక్కేశాడు. కొత్తగా పెళ్లైనవాడు, ముఖంలో సంతోషం దాచుకోలేకపోయాడు.

శ్యామలాదేవి వాకర్ మీద చేతులు ఆనించి జెండాలు చూసింది, చాపలు చూసింది, చాప మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న మొగుణ్ణి చూసింది. నీలమ్మ లేచి నిలబడింది. అది చూసి అందరూ లేచారు.

"కూర్చోండి, కూర్చోండి. నాకెలాగూ కూర్చునే రాత లేదు. లోపల పెట్టారా, లేదా?"

"ఇంక లేదు వదినా," అన్నాడు భిక్షం నేల చూపులు చూస్తూ. "జాగ తయారున్నది. సిమెంటు మస్తు ఆరింది, ధర్నా పుణ్యాన."

శ్యామలాదేవి కళ్లు మూసుకుని తెరిచింది. "ఏవండీ, ఇలా రండి." ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆమె చిన్న గొంతుతోనే అంది, అయినా అందరికీ వినపడింది. "ఇంటికొస్తున్నాను కదా, ఇక భయం లేదులే అని, బయల్దేరేముందు సీసాడు నీళ్లు తాగాను. ఇన్నాళ్ల తర్వాత. సీసాడు."

త్రినాథరావు ఎన్నో మొండి నిర్మాతల్ని చూశాడు, గడువు పెట్టి బెదిరించాడు. ఇలాంటి గడువు ఎవరూ తనకు పెట్టలేదు.

"ఊ, తొందరగా చెప్పండి," అంది ఆమె అందరి వైపూ తిరిగి. "మీ డిమాండ్ ఏంటి?"

నీలమ్మ చెప్పింది. తన తల్లి మాటతో సహా చెప్పింది. శ్యామలాదేవి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వాకర్ పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడుతున్నాయి.

"నువ్వన్నది సబబే నీలమ్మా. నువ్వు ముట్టుకోవద్దు. మీరెవరూ ముట్టుకోవద్దు. ఇన్నేళ్లూ దాన్ని వాడింది ఎవరు?"

"మీరిద్దరే గద," అన్నాడు బాలనర్సయ్య.

"నా మోకాలు దాని మీదే పోయింది, నేను వంగలేను. ఈయన మోకాళ్లు బాగున్నాయి, రెండ్రోజులుగా చాప మీద కూర్చున్నారు." ఆమె భిక్షం వైపు తిరిగింది. "ఈయనది ఏ క్రాఫ్టు?"

భిక్షం సూర్యప్రకాశరావును చూశాడు. సూర్యప్రకాశరావుకు ఈసారి చూడడానికి బల్బు దొరకలేదు.

"అన్నది... అన్న మాట్లాడుతడు వదినా."

"మాట్లాడ్డం మీ ఇరవై నాలుగింటిలో ఉందా?"

బాలనర్సయ్య వేళ్ల మీద కాసేపు లెక్కపెట్టుకుని, "లేదు," అన్నాడు.

"అయితే ఈయన ఎత్తితే ఎవరి పనీ లాక్కున్నట్టు కాదుగా?"

"కానే కాదు," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. అన్ని సంఘాలూ ఒక మాట మీదకు రావడం త్రినాథరావు చాలా కాలంగా కన్న కల. అది ఈ రకంగా తీరింది.

ఆయన చొక్కా చేతులు మడిచాడు. గడప దగ్గర వంగాడు. నీలమ్మ తన తలగుడ్డ విప్పి మడతపెట్టి ఇచ్చింది. "భుజం మీద ఏసుకో అన్నా. జర మెల్లగ. నడుము పడ్తది." బేసిన్ పైకి లేచింది, భుజం మీదికి వచ్చింది, లోపల ఎక్కడో మిగిలిన చుక్క నీరు మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. వెనక కమోడ్ అట్టపెట్టె చింపుతున్న చప్పుడు వినపడింది. ఆయన ముందుకు నడిచాడు.

ఫిల్మ్ నగర్ వీధుల్లో పొద్దుటి పూట స్టూడియోలకు పోయే వ్యాన్ల రద్దీ. సగం మందికి త్రినాథరావు తెలుసు. "నమస్తే అన్నా" అని చెయ్యెత్తినవాళ్లు భుజం మీదున్నది చూసి చెయ్యి ఎలా దించాలో తెలియక అలాగే ఉండిపోయారు. వీధి చివర చెత్త ఆటో కనపడితే ప్రాణం లేచొచ్చింది.

"ఇది వేసుకోవయ్యా."

ఆటో అతను చూశాడు. "తడి చెత్త, పొడి చెత్త తీస్కుంట సార్. పగలగొట్టిన సామాన్ మా పని గాదు. దానికి వేరేటోళ్లుంటరు."

పని గాదు అన్న మాటకు ఎదురు చెప్పే హక్కు తనకు లేదని త్రినాథరావు ఒప్పుకున్నాడు. భుజం మార్చుకుని ఇంకొంచెం దూరం నడిచాడు. అంతలో పక్కనే ఒక వ్యాన్ కీచుమని ఆగింది. సినిమాలకు కుర్చీల నుంచి కత్తుల దాకా సామాన్లు సరఫరా చేసే ప్రాపర్టీ వాళ్ల వ్యాన్. ఇద్దరు దిగారు.

"అన్నా, గిది యాడ దొరికింది నీకు? నిన్నటి సంది పాత బేసిన్ కోసం ఊరంత తిరుగుతున్నం. పాతింటి సీను. డైరెక్టరు పాణం తీస్తున్నడు."

"కావాలా మీకు?"

"కావాలా అంటవేంది? గా చారలు చూడు, ఎంత మంచిగున్నయో. అరేయ్, పరుపు దింపు."

వాళ్లు వ్యాన్‌లోంచి పరుపు దింపారు. చెరో పక్కా పట్టుకుని, పసిబిడ్డను దించినట్టు ఆయన భుజం మీంచి దించారు. ఆ చారలు పోతాయేమోనన్నంత జాగ్రత్తగా దుప్పటి చుట్టారు. త్రినాథరావు నోరు తెరుచుకుని చూశాడు.

"మీకు... దాన్ని ముట్టుకోవడానికి అభ్యంతరం ఏం లేదా?"

"ప్రాపర్టీ గద అన్నా," అన్నాడు అందులో పెద్దవాడు, ఇంత తెలియనివాడు నాయకుడెట్లా అయ్యాడా అన్నట్టు చూసి. "మా క్రాఫ్టే."

త్రినాథరావు ఇంటికి పరుగున వచ్చాడు. అంటే, ఆ వయసులో ఎంత పరుగైతే అంత. షామియానా కింద ఎవరూ లేరు. అందరూ లోపల ఉన్నారు. ఎవరూ పిలవకుండానే కమోడ్‌ను నలుగురూ కలిసి మోశారట. నేల మీద పెట్టింది బాలనర్సయ్య, పైపు కలిపింది భిక్షం, లైటు వేసింది సూర్యప్రకాశరావు. ఒక పక్క భిక్షం బిగిస్తుంటే బాలనర్సయ్య పట్టుకున్నాడట, భిక్షం పానా సూర్యప్రకాశరావు అందించాడట. ఇరవై నాలుగు క్రాఫ్టుల చట్టం ఎన్ని చోట్ల ఉల్లంఘించారో లెక్కపెట్టే ఓపిక త్రినాథరావుకు లేదు. ఆయన చూస్తున్నది శ్యామలాదేవిని. వాకర్‌తో గది మధ్య నిలబడి, పెదవి కొరుక్కుంటూ, కదలకుండా ఉంది.

"అయింది వదినా, నీళ్లు కూడ వస్తున్నయ్," అన్నాడు భిక్షం బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ. "గని తలుపు లేదు."

దర్వాజా, తలుపు పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి. వడ్రంగుల సంఘం మొత్తం ఔట్‌డోర్ షూటింగ్‌కు పోయింది. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో తెలియదు. అది ఇంకో క్రాఫ్టు.

"దుప్పటి తెండి," అంది శ్యామలాదేవి. ఇంక వాదనలకు టైం లేదని ఆ గొంతులోనే తెలిసింది.

నీలమ్మ దుప్పటి తెచ్చింది. పట్టుకుంటానని ముందుకు వచ్చింది కూడా. శ్యామలాదేవి తల అడ్డంగా ఊపి, మొగుడి వైపు చూసింది. అందరూ వీధిలోకి వెళ్లి, ఇంటి వైపు వీపు తిప్పి నిలబడ్డారు. ఆమె వాకర్ టకటకలాడిస్తూ లోపలికి వెళ్లింది. త్రినాథరావు దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, చేతులు తలకు పైకెత్తి, గడప మీద నిలబడ్డాడు. భుజాలు లాగేస్తున్నాయి, చొక్కా వాసనేస్తోంది.

చాలాసేపు అయ్యాక లోపలి నుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినపడింది.

"ఏవండీ."

"ఊ."

"చెంబుడు మంచినీళ్లు తెచ్చిపెడుదురు గానీ, తర్వాత. ఇప్పుడు మాత్రం చేతులు దించకండి."

ఆయన దించలేదు. ఇన్నేళ్ల పోరాటంలో త్రినాథరావు అంతసేపు చేతులు పైకెత్తి, ఒక్క నినాదమైనా ఇవ్వకుండా నిలబడింది అదే మొదటిసారి.